రేకు డబ్బాకి ఆయిలర్ సూత్రం ఎందుకు కుదరడం లేదు?

సత్యనారాయణపురం అమ్మ:
నమస్కారమండీ. మాది విజయవాడ. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. రాత్రి వంటింట్లో సామానంతా కింద పరుచుకుని ముఖాలు, శీర్షాలు (అంటే మూలలు), అంచులు లెక్కపెడుతూ కూర్చుంది. ముఖాలు, శీర్షాలు కలిపి అంచులు తీసేస్తే 2 రావాలన్నది ఆయిలర్ సూత్రం. అగ్గిపెట్టెకి 6 ముఖాలు, 8 శీర్షాలు, 12 అంచులు. 6+8−12=2, సూత్రం కుదిరింది. కారం పోసుకునే గుండ్రటి రేకు డబ్బా దగ్గర ఆగిపోయింది. పైన, కింద, చుట్టూ కలిపి 3 తలాలు, 2 అంచులు, శీర్షమే లేదు. 3+0−2=1. "సూత్రం తప్పా, నేను తప్పా అమ్మా?" అంటూ ఏడుపు మొహం పెట్టింది. బడిలో అడిగితే పరీక్షలో రాదులే అన్నారట. ఎవరైనా కాస్త విడమరిచి చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు:
పాపది తప్పేం లేదక్కా. 1750లో ఆయిలర్ తోటి గణితవేత్త గోల్డ్‌బాక్‌కి ఉత్తరంలో రాసింది చదునైన ముఖాలున్న ఘనాల గురించే. స్థూపం, గోళం లాంటి వంపు ఆకారాలకి దాన్ని వాడకూడదు.

సత్యనారాయణపురం అమ్మ:
థాంక్స్ తమ్ముడూ. కానీ ఇది చదివి మళ్లీ అడుగుతోంది. శంఖువుకి 2 తలాలు, 1 శీర్షం, 1 అంచు. 2+1−1=2. దానికీ వంపుంది కదా, మరి అదెలా కుదిరింది?

బ్రాడీపేట లెక్కల మాస్టారు:
అమ్మా, గుంటూరులో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పాను. ఈ ప్రశ్న అడిగిన పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. శంఖువు దగ్గర ఆగి అనుమానపడిందంటే పాప నిజంగా ఆలోచిస్తోంది.

అడ్డొచ్చేది వంపు కాదు. సూత్రం షరతుల్లో ఇక్కడ చూడాల్సినవి రెండు. ప్రతి అంచూ ఒక శీర్షం దగ్గర మొదలై శీర్షం దగ్గరే ముగియాలి. ప్రతి ముఖమూ చిల్లు లేని ఒకే ముక్కగా ఉండాలి. డబ్బా అంచు గాజులా తిరిగొస్తుంది, దానికి మొదలూ లేదు, చివరా లేదు. పైనా కిందా తీసేస్తే చుట్టూ ఉన్న రేకు గొట్టం, అంటే చిల్లున్న ముక్క. రెండు షరతులూ తప్పాయి.

ఇప్పుడు ఆ డబ్బానే వెలుతురులో తిప్పి చూడమనండి. పై నుంచి కిందకి నిలువుగా ఒక అతుకు కనిపిస్తుంది. అదీ ఒక అంచే. అది పై అంచుని, కింది అంచుని తాకిన రెండు చోట్లా రెండు శీర్షాలు. ఇప్పుడు 3+2−3=2. అతుకు దగ్గర విప్పితే ఆ గొట్టమే దీర్ఘచతురస్రపు రేకు అయిపోతుంది, అందుకే కుదిరింది.

శంఖువు లెక్క కాకతాళీయంగా కలిసింది. అంచు దగ్గర ఒక తేడా, వంపు తలం దగ్గర ఒక తేడా, రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. పల్లీల పొట్లంలా కొస నుంచి అంచు దాకా ఒక అతుకు గీయండి: 2+2−2=2. ఇది సక్రమమైన లెక్క. బత్తాయి మీద తొడిమ చోట ఒక్క చుక్క పెడితే చాలు, 1+1−0=2.

ఇంకో మాట. జాగ్రత్తగా రాయించండి: డబ్బా ఆకారం స్థూపం, అమరావతిలోది స్తూపం. మా పిల్లలు అక్కడికి వెళ్లొచ్చి రెండూ ఒకటే అనుకునేవాళ్లు. అక్కడి శిల్పాల్లో చూస్తే కింది గుండ్రటి వేదిక మన లెక్కల స్థూపం, పైన బోర్లించిన గిన్నె దాదాపు అర్ధగోళం.

సత్యనారాయణపురం అమ్మ:
మాస్టారూ, నమస్కారం. డబ్బాకున్న కాగితం చింపి మరీ చూసింది, అతుకు దొరికింది! రెండు చివర్లా స్కెచ్‌పెన్‌తో చుక్కలు పెట్టింది. ఇప్పుడు నూనె డబ్బా కావాలట.