గ్యాలరీకొచ్చిన జనంతో సినిమా తీయిస్తే అది కళా, పిక్నిక్కా?

పాతరీలు:
ఫ్రెంచ్ దర్శకుడు మిషెల్ గోండ్రీ పెట్టిన 'హోమ్ మూవీ ఫ్యాక్టరీ' సంగతి వినే ఉంటారు. 2008లో న్యూయార్క్‌లోని డైచ్ ప్రాజెక్ట్స్ ఆర్ట్ గ్యాలరీలో మొదలైంది, 2011కల్లా ప్యారిస్‌లోని పాంపిదూ సెంటర్ అనే ఆర్ట్ మ్యూజియానికి చేరింది. రైలుపెట్టె, కేఫ్ లాంటి సెట్లు వేసి ఉంచుతారు, జనం గుంపుగా వచ్చి మూడు గంటల్లో కథ అనుకుని, తీసేసి, అక్కడే చూసుకుని వెళ్లిపోతారు. సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ దీనికి మ్యూజియం ఎందుకండీ?

కెమెరాచాటు:
అక్కడి రూల్స్ చూస్తే ఆ మాట అనరు. ఎడిటింగ్ లేదు. కెమెరాలో పడ్డ వరసే సినిమా వరస. కేఫ్‌లో ఒకడు లేచి వెళ్లే షాట్ అయ్యాక రైల్లో షాట్ కావాలంటే గ్యాంగంతా రైలు సెట్‌కి పరిగెత్తాలి, మళ్లీ కేఫ్‌లో ఉన్నమ్మాయి మొహం చూపించాలనిపిస్తే మొత్తం సరంజామాతో వెనక్కి రావాలి. "తర్వాత ఎడిటింగ్‌లో చూసుకుందాం" అనే వీలే లేదు కాబట్టి షాట్ ఎక్కడ ఆపాలో బటన్ నొక్కకముందే తేల్చుకోవాలి. పేరు, జానర్ ఓటు వేసి ఎంచుకుంటారు. ఫోన్లో ఇరవై టేకులు తీసుకునే మనకి ఇది ఎంత కష్టమో ఊహించుకోండి.

హైదరాబాదీ:
మన రామోజీ ఫిల్మ్ సిటీలో చేసేది మరి? ప్రేక్షకుల్లోంచి ఒకర్ని పిలిచి, కదలని బండెక్కించి, కొరడా ఊపమని, దానికి వెనక దృశ్యం, చప్పుళ్లు కలిపి చూపిస్తారు. ప్యారిస్‌లో అయితే కళ, హయత్‌నగర్ దాటాక అయితే టూరిజమా!

కెమెరాచాటు:
అక్కడ ట్రిక్కు గుట్టు విప్పి చూపిస్తారు, నాకూ ఇష్టమే. కానీ షాట్ వాళ్లది, కోత వాళ్లది, మన వంతు కొరడా ఒక్కటే. తేడా అక్కడుంది, ఊరులో కాదు.

పాతరీలు:
సరే, సెట్లెవరివి? రైలుపెట్టె కనబడితే ఎవరైనా రైల్లో హత్యే రాస్తారు. రూల్స్ గోండ్రీవి, సెట్లు ఆయనవి, పేరు ఆయనది. జనం ఆయన బొమ్మలో రంగులు నింపుతున్నారంతే.

కెమెరాచాటు:
సెట్లు కథని లాగుతాయి, నిజమే. ఖాళీ గది ఇస్తే మాత్రం మూడు గంటలూ "ఏం తీద్దాం" అనడంతోనే అయిపోతాయి కదా. మన దగ్గర పెడితే రైలుపెట్టె బదులు ఆర్టీసీ బస్సు, ఇరానీ హోటల్ వేయొచ్చు. లవ్‌స్టోరీ కాకుండా ఇంకేదైనా ఓటింగ్‌లో గట్టెక్కుతుందా అన్నదే నా టెన్షన్.