పిల్స్ ఆపాక ఎన్నాళ్లు ఆగాలి? డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్లాలా?

మద్దిలపాలెం_కోడలు:
పెళ్లయిన దగ్గర్నుంచి గర్భం రాకుండా పిల్స్ వాడాను. పిల్లలు కావాలనుకుని పోయిన వేసవిలో మానేశాను. ఇంతవరకూ ఏమీ లేదు. నెలసరి కూడా టైముకి రావట్లేదు, ఒక్కోసారి నెలన్నర దాటుతోంది. "ఆ మాత్రలు మింగి మింగి కడుపు ఎండబెట్టుకున్నావు" అంటారు మా అత్తగారు. మార్గశిరంలో చీర పెడతానని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి మొక్కుకున్నారు కూడా. మా ఆయనేమో నేరుగా ఐవీఎఫ్ సెంటర్‌కే వెళ్దాం అంటున్నారు. గూగుల్ చూస్తే ఏడాది ఆగమంటోంది. నాకు 29. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

గాజువాక_పాప:
మీ అత్తగారు చెప్పినదాంట్లో నిజం ఉందండీ. మా వదిన కూడా ఇలాగే వాడి ఆపింది, ఏడాది దాకా నిలవలేదు. మందు ఒంట్లోంచి పోవాలి కదా. మూడు నెలలు ఆగి అప్పుడు ట్రై చేస్తేనే మంచిది.

నర్సక్క_వన్‌టౌన్:
పాపా, మీ వదిన వాడింది మాత్రలా, ఇంజెక్షనా? ముందు అది కనుక్కో.

మాలా-ఎన్ లాంటి మాత్ర ఆపితే కొద్ది రోజుల్లోనే ఒంట్లో ఉండదు. చాలామందికి ఒకటి నుంచి మూడు నెలల్లో అండం విడుదల మొదలైపోతుంది. కొందరికి మొదటి నెలలోనే నిలుస్తుంది, దానివల్ల బిడ్డకేమీ కాదు. మూడు నెలలు ఆగాల్సిన పనేమీ లేదు. 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న 'అంతర' అనే గర్భనిరోధక ఇంజెక్షన్ వేరు. మూడు నెలలకోసారి వేస్తారు. ఆపాలనుకున్నాక, చివరి డోసు నుంచి లెక్కేస్తే గర్భం రావడానికి సగటున 7 నుంచి 10 నెలలు పడుతుంది. అదీ ఆలస్యమే తప్ప శాశ్వతంగా పోయేది కాదు. ఇక మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆ తర్వాత వారానికోసారి వేసుకునే 'ఛాయ' మాత్రలో అసలు హార్మోనే లేదు. జనం మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఇంజెక్షన్ మీద రావాల్సిన మాట మాత్ర మీద పడుతుంది.

గర్భనిరోధక పద్ధతులు ఆపినవాళ్లలో ఏడాది లోపు సుమారు 83 శాతం మందికి గర్భం వచ్చిందని 2018లో వచ్చిన ఒక పరిశోధనల సమీక్ష చెప్పింది.

గాజువాక_పాప:
అడిగాను, ఇంజెక్షనేనట. అయినా హార్మోన్ హార్మోనే కదా!

ఎంవీపీ_శారద:
ఏడాది ఆగమన్న మాటతో నాకు పేచీ ఉంది. అది నెలసరి సరిగ్గా వచ్చేవాళ్లకి. 35 దాటితే ఆరు నెలలే. నెలన్నరకోసారి వచ్చేవాళ్లు అన్నాళ్లు ఆగడం దేనికి? పిల్స్ వేసుకున్నన్నాళ్లూ ఠంచనుగా వచ్చేది ఆ ప్యాకెట్ తెప్పించే బ్లీడింగ్. లోపల పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నా తెలియదు. ఆపాక బయటపడుతుంది, నింద మాత్రకి. మీకు పెళ్లికి ముందు ఎలా ఉండేది?

మద్దిలపాలెం_కోడలు:
ఇంటర్ నుంచీ లేటేనండీ. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు కూడా ఉండేవి. పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయంది అమ్మ.

ఎంవీపీ_శారద:
ఇంకేం మరి, అవి పీసీఓడీ గుర్తులే కావచ్చు.

సీతమ్మధార_నాన్న:
ఇంతమంది మాట్లాడారు, మొగుడి ఊసెత్తినవాళ్లు లేరు. ముందు ఆయన వీర్య పరీక్ష చేయించండి. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి, అంతే.

ఇంకోటి. మా ఆవిడ పిల్స్ ఆపిన వెంటనే ఒక సెంటర్‌లో ఏఎంహెచ్ (అండాల నిల్వ ఎంతుందో అంచనా వేసే రక్తపరీక్ష) చేశారు. రిపోర్టులో అంకె పక్కన కిందకి చూసే బాణం గుర్తు. అండాలు అయిపోతున్నాయి, ఐవీఎఫ్ తప్పదన్నారు. పిల్స్ వాడేవాళ్లకి ఆ అంకె తగ్గి కనిపిస్తుందని ఎవరూ చెప్పలేదు. కొన్ని నెలలాగి మళ్లీ చేయిస్తే పెరిగింది. ఆ రెండో రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

నర్సక్క_వన్‌టౌన్:
కోడలమ్మా, సెంటర్ల సంగతి తర్వాత. ముందు మామూలు గైనకాలజిస్టుకి చూపించు. కేజీహెచ్ అయినా, మన ఘోషాసుపత్రి అయినా సరే. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల రక్తపరీక్షలు, ఒక స్కాన్ రాస్తారు. అండం విడుదల కాకపోతే దానికి మాత్రలతోనే మొదలుపెడతారు. ఫోలిక్ యాసిడ్ మాత్రం ఇవాళే మొదలుపెట్టు, రోజుకి 400 మైక్రోగ్రాములు. షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా ఆ మోతాదు డాక్టరే చెప్పాలి.

మద్దిలపాలెం_కోడలు:
సోమవారం వెళ్తానండీ. మా ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. "నాకెందుకు టెస్టు, నేను బాగానే ఉన్నాగా" అంటున్నారు. సీతమ్మధార గారూ, మీ ఆవిడ మిమ్మల్ని ఎలా ఒప్పించారు?

సీతమ్మధార_నాన్న:
ఒప్పించలేదండీ. డాక్టర్‌తో నా పేరు మీద చీటీ రాయించుకొచ్చి, పొద్దున్నే ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టింది.