హై రెజల్యూషన్ ఆడియోను నిజంగా ఎవరైనా వింటున్నారా?

పాత సీడీలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించే పనిలో ఉన్నాను. ఇకపై కొనే ఆల్బమ్‌లు హై రెజల్యూషన్‌లో, అంటే సీడీ కన్నా ఎక్కువ వివరంగా శబ్దాన్ని నమోదు చేసే 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లుగా తీసుకోవాలా, సీడీ నాణ్యత (16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్) సరిపోతుందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

మొన్న తమ్ముడిని కూర్చోబెట్టి పరీక్ష పెట్టించుకున్నాను. ఒకే పాట, రెండు ఫైళ్లు, వాల్యూమ్ సమానం. ఏది మోగుతోందో నాకు చెప్పకుండా పదిసార్లు మార్చాడు. తాళం మోగి సన్నగా ఆరిపోయే చోట తేడా పట్టేశాననే అనుకున్నాను. తీరా చూస్తే పదికి ఐదు! బొమ్మా బొరుసా వేసినా అంతే వచ్చేది. నా చెవులకు వయసు మీద పడిందేమో, అది వేరే సంగతి.

చరిత్ర చూస్తే కూడా ధైర్యం రావట్లేదు. సీడీ కన్నా మెరుగైన నాణ్యత ఇస్తామంటూ 1999లో వచ్చిన ఎస్ఏసీడీ, ఆ మరుసటి ఏడాది వచ్చిన డీవీడీ ఆడియో డిస్కులు మామూలు శ్రోతల దాకా చేరనేలేదు. హై రెజల్యూషన్ పాటలను చిన్న ఫైళ్లలోకి కుదించే ఎంక్యూఏ ఫార్మాట్ 2014లో ఆర్భాటంగా వచ్చింది, దాని సంస్థ 2023లో దివాలా అంచుకు వెళ్లింది, పాటల స్ట్రీమింగ్ సర్వీసు టైడల్ కూడా ఆ ఫార్మాట్‌ను వదిలేసి, నాణ్యత తగ్గించకుండా కుదించే ఫ్లాక్‌కు మారింది. మరోపక్క యాపిల్ మ్యూజిక్ 2021 నుంచి హై రెజల్యూషన్‌ను అదనపు రుసుము లేకుండానే ఇస్తోంది. కానీ బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో వినేవాళ్లకు అది పూర్తిగా చేరేదెక్కడ?

మీలో రోజూ ఇవి వినేవాళ్లున్నారా? చూడకుండా పోల్చి చూశారా? తేడా నిజంగా ఫార్మాట్‌దా, మాస్టరింగ్‌దా (విడుదలకు ముందు పాట శబ్దాన్ని చివరిగా సరిదిద్దే పని)? వైరు హెడ్‌ఫోన్లు, విడిగా డీఏసీ (డిజిటల్ ఫైలును వినిపించే సిగ్నల్‌గా మార్చే పరికరం) ఉంటేనే తెలుస్తుందా? మీ అనుభవం చెప్పండి, ప్లీజ్.