నాటు బీరతో సొంత హైబ్రిడ్ చేసుకోవచ్చా?

పరకాల_రైతు: మా నాటు బీర రుచిలో సాటి లేదు, కాపే తక్కువ. కంపెనీ హైబ్రిడ్ కాపు బాగుంది, కాయ పొడుగు, కూర చప్పగా ఉంటుంది. రెండింటినీ కలిపి సొంత హైబ్రిడ్ తీయొచ్చా? చేసినవాళ్లు చెప్పండి.

నర్సంపేట_తోట: చేయొచ్చన్నా. బీరకు మగపువ్వు, ఆడపువ్వు వేరే కాబట్టి టమాట, వంకాయకు పడే తిప్పలుండవు. వాటికైతే పువ్వు విచ్చకముందే పుప్పొడి తిత్తులు తీసేయాలి. బీర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మధ్యాహ్నమే మొగ్గ పసుపు తిరిగింది చూసి, ఒక రకంలో పిందె ఉన్న ఆడమొగ్గకూ, రెండో రకంలో మగమొగ్గకూ కాగితం కవర్ తొడగాలి. మగమొగ్గకు ఎందుకు అనుకోవద్దు, తేనెటీగ దాని మీద వేరే పుప్పొడి వదిలితే పని చెడినట్టే. పువ్వు విచ్చాక మగపువ్వు రేకులు తుంచి, పొడిని ఆడపువ్వు నడిమి కొనకు రాసి మళ్లీ కవర్ వేయాలి. గుర్తుకు రంగు దారం కట్టండి.

హనుమకొండ_విత్తనం: పద్ధతి సరే, మరి తల్లిదండ్రుల సంగతి? కంపెనీ గింజ ఇప్పటికే ఎఫ్1, అంటే రెండు శుద్ధ రకాలను కలిపి తీసిన మొదటి తరం. దాని పుప్పొడిలో ఒక్కో రేణువు ఒక్కో తీరు. దాంతో కలిపితే ఏ తీగ కాయ ఆ తీగదే, మార్కెట్‌కు ఒక్క సైజు దొరకదు. నాటు బీర కూడా పక్క చేన్లతో కలిసిపోయి ఉంటుంది. ముందు రెండు వైపులా రకాలను శుద్ధి చేయాలి. నచ్చిన తీగ మగపువ్వును అదే తీగ ఆడపువ్వుకు రాసి, ఆ గింజ వేసి, మళ్లీ మంచి తీగనే ఎంచాలి. ఇలా ఐదారు తరాలు. బీర జాతిలో ఇలా చేసినా సత్తువ పెద్దగా తగ్గదు, అదే మనకు కలిసొచ్చేది. వానాకాలం, ఎండాకాలం రెండు పంటలు వేస్తే మూడేళ్ల పని. నన్నడిగితే ఈ ఎంపికతోనే నాటు బీర కాపు పెరగొచ్చు, ఆ తర్వాతే హైబ్రిడ్ ఆలోచన.

ములుగు_అక్క: నిజం తమ్మీ. మేం చపాటా మిర్చి గింజ ఇంట్లోనే ఉంచుతాం. 2025లో దానికి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చింది, అందుకే ఇంకా జాగ్రత్త. మిర్చి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ కలిసే ఉన్నా తేనెటీగలు పక్క రకం పుప్పొడి తెస్తాయి. గింజకు ఉంచే మొక్కల మీద సన్న వల కప్పుతాం. బీరలో ఒక్కో తీగ కాయ విడిగా వండి చూడండి. చేదు తగిలితే కూర పారేయండి, ఆ తీగ గింజ ఉంచొద్దు.

పరకాల_రైతు: కంపెనీ రకం వాడితే కేసులవుతాయా?

హనుమకొండ_విత్తనం: కొత్త రకం తీయడానికి వాడొచ్చు, మొక్కల రకాలు, రైతు హక్కుల రక్షణ కోసం తెచ్చిన 2001 చట్టంలోనే ఉంది. మీ పంట గింజ దాచుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్మొచ్చు. ప్యాకెట్ మీద బ్రాండ్ వేసి మాత్రం అమ్మకూడదు.

పరకాల_రైతు: అయితే ఈ ఎండాకాలం నాటు బీర శుద్ధితోనే మొదలుపెడతా. గింజకు ఉంచే కాయ ఎప్పుడు కోయాలి?

నర్సంపేట_తోట: తీగ మీదే ఎండి, ఊపితే గింజలు గలగలమన్నప్పుడు.