ఏ నాగరికత ముందు? మా అమ్మాయి చార్టు ఆగిపోయింది, కాస్త చెప్పండి

మాది విజయవాడ, సత్యనారాయణపురం. మా అమ్మాయి ఆరో తరగతి, సోమవారానికల్లా ‘తొలి నాగరికతలు’ చార్టు తీసుకెళ్లాలి. మెసొపొటేమియా, ఈజిప్టు, సింధు, చైనా అని నాలుగు గళ్లు గీసి, స్కెచ్ పెన్నుతో హరప్పా ముద్ర మీది ఎద్దు బొమ్మ కూడా వేసేసింది, మూపురం బాగా కుదిరింది. ఇంతలో అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు వీడియో కాల్‌లో చూసి, ‘అత్తా, పెరూలోని కరాల్ ఏది?’ అన్నాడు. నిజమే, సుమారు క్రీ.పూ. 2600 నాటికే అక్కడ పిరమిడ్లు కట్టారట, కాకపోతే రాత దొరకలేదు.

అక్కణ్ణుంచి నాకు టెన్షన్. రాతే కొలత అనుకుంటే మెసొపొటేమియాలోని సుమేరు వాళ్లు ముందు, క్రీ.పూ. 3300 ప్రాంతంలోనే మట్టి పలకల మీద లెక్కలు రాసుకున్నారు. మరి సింధు లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేదు కదా, దాన్నేం చేయాలి? చైనాలో ఎముకల మీది రాతలు సుమారు 3200 ఏళ్ల నాటివే, అయినా వాళ్లు లియాంగ్జు అనే చోట దొరికిన పాత ఆనకట్టలు చూపించి 5000 ఏళ్ల చరిత్ర అంటారు. టర్కీలో గోబెక్లి తెపె అయితే ఇంకా పాతది, క్రీ.పూ. 9500 ప్రాంతంలోనే వేటగాళ్లు రాతి స్తంభాలు నిలబెట్టారు.

మా మావయ్యగారేమో మన అమరావతి పెట్టమంటున్నారు, అది వేల ఏళ్ల తర్వాతిదని ఆయనకెవరు చెప్తారు!

టీచర్లుంటే చెప్పండి, మీరు పిల్లలకు ఏ కొలత చెప్తారు, రాతా, నగరమా, వ్యవసాయమా? వేరే దేశాల్లో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు, అక్కడి పాఠంలో మొదట ఏది వస్తుందో కూడా రాయండి. ఐదో గడి గీస్తే మార్కులు కోస్తారా?