తల్లిదండ్రులు హైదరాబాద్‌లో, పిల్లలు ఊళ్లో: ఆరో తరగతి అమ్మాయి బడి మానకుండా ఏం చేయాలి?

ప్రశ్న

మాది నారాయణపేట జిల్లాలోని పల్లె. మా అన్నావదినలు ఏటా దసరా కాగానే హైదరాబాద్ వచ్చి, మియాపూర్ వైపు సెంట్రింగ్ పనుల్లో చేరతారు. మళ్లీ తొలకరికి గానీ ఊరు వెళ్లరు. ఆరో తరగతి అమ్మాయి, నాలుగో తరగతి అబ్బాయి మా అమ్మ దగ్గర ఉంటున్నారు. డబ్బు నెలనెలా పంపుతున్నారు. అయితే అమ్మాయి వారంలో రెండు రోజులు రావడం లేదని, వచ్చినా ప్రార్థన అయ్యాకే వస్తున్నదని ఉపాధ్యాయుడు ఫోన్ చేశారు. అడిగితే నల్లా నీళ్లు పట్టి, అన్నం వండి, తమ్ముణ్ణి తయారు చేసేసరికి ఆలస్యమవుతున్నదట. అమ్మకు చూపు సరిగా ఆనదు. అబ్బాయేమో తల్లి నుంచి ఫోన్ వస్తే చాలు, దొడ్లోకి వెళ్లి దాక్కుంటాడు. ఇద్దరినీ ఇక్కడికి తెచ్చేద్దామని అన్న అంటున్నాడు, వదినకు ధైర్యం చాలడం లేదు. చదువుల మధ్యలో ఇక్కడి బడిలో చేర్చుకుంటారా?

సమాధానం (ప్రభుత్వ ఉపాధ్యాయిని, శేరిలింగంపల్లి)

చేర్చుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు పిల్లలు మరో ప్రభుత్వ బడికి మారవచ్చు. అడిగిన వెంటనే పాత బడి టీసీ ఇవ్వాలి. అది ఆలస్యమైందనో, వయసు ధ్రువపత్రం లేదనో, సంవత్సరం మధ్యలో వచ్చారనో కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. రేషన్ కార్డు కూడా మార్చుకోనక్కరలేదు. రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా బియ్యం తీసుకోవచ్చు.

అయినా తొందరపడవద్దని నా సలహా. ముందు ఆ భవనం పని ఇంకా ఎన్ని నెలలుందో మేస్త్రీని అడగండి. మా బడికి ఇలా వచ్చిన పిల్లలు పుస్తకాలు అందుకుని, పక్కవారితో స్నేహం కుదిరేలోపే స్లాబులు పూర్తయి, కుటుంబం నగరం మరో చివరకు వెళ్లిపోవడం ప్రతి ఏడూ చూస్తున్నాను. పైగా తల్లిదండ్రులు పని దిగేదాకా పదకొండేళ్ల అమ్మాయి రేకుల షెడ్డులో ఒంటరిగా ఉండాలి. మీ వదినగారి భయం అనవసరమైనది కాదు.

సమాధానం (విశ్రాంత హాస్టల్ వార్డెన్, మహబూబ్‌నగర్)

పాలమూరులో దశాబ్దాలుగా నేను చూసినది ఇదే: వలస వెళ్లినవారు డబ్బు పంపగలరు గానీ ఇంట్లో తాము చేసే పని పంపలేరు. ఆ పని పెద్ద పిల్ల మీద, ముఖ్యంగా ఆడపిల్ల మీద పడుతుంది. ఇక్కడ మీ అమ్మాయికి చదువు మీద ఆసక్తి తగ్గిందనడానికి ఆధారమేమీ లేదు. ఆమెకు తీరిక లేదు, అంతే.

కాబట్టి మొదట మీ అమ్మగారి కళ్లు చూపించండి. శుక్లమైతే ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. ఆమెకు చూపు వస్తే వంట, పిల్లవాడి ఆలనాపాలనా మళ్లీ ఆమె చేతికి వస్తాయి. అంతవరకు పంపే డబ్బులోంచి కొంత పొరుగింటివారికి ఇచ్చి, పొద్దున నీళ్లూ వంటా చూడమనండి. ఊళ్లో ఇలా అడగడం నామోషీ అనుకుంటారు గానీ, పిల్ల చదువు పోవడం అంతకంటే పెద్ద నష్టం.

ప్రశ్న

అమ్మాయిని కస్తూర్బా విద్యాలయంలో (ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే ప్రభుత్వ బడి) వేయమని బంధువులు అంటున్నారు. అది సరైనదేనా?

సమాధానం (విశ్రాంత హాస్టల్ వార్డెన్)

మంచిదే. ఇటువంటి ఆడపిల్లల కోసమే 2004లో వాటిని ప్రారంభించారు. చేరిక ఆరో తరగతి నుంచే కాబట్టి, సీటు ఖాళీ ఉందేమో ఆ విద్యాలయాన్ని నడిపే ప్రత్యేకాధికారిని అడగవచ్చు. కానీ ఆ అబ్బాయికి ప్రస్తుతం అమ్మ స్థానంలో ఉన్నది అక్కే. ఆమె వెళ్లిపోతే వాడు రెండోసారి ఒంటరివాడవుతాడు. అందుకని సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద వలస కూలీల పిల్లలకు నడిపే సీజనల్ హాస్టల్ దగ్గరలో ఉందేమో ముందుగా ఎంఈఓ (మండల విద్యాధికారి) కార్యాలయంలో విచారించండి. వచ్చే ఏడాదికి వాడి చేత గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించండి. వేసవి దాకా ఆగితే దరఖాస్తు గడువు దాటిపోతుంది.

వాడు ఫోన్ దగ్గరికి రావడం లేదని తిట్టవద్దు. అది మొండితనం కాదు, అలక. తల్లి రాత్రి పని ముగించుకుని అలసిపోయి చేస్తే, అప్పటికి వాడు నిద్రకు తూగుతుంటాడు. పొద్దున పనికి ఎక్కేముందు, రోజూ ఒకే వేళకు చేయమనండి. చదువు గురించి అడగకుండా, నిన్న ఎవరితో ఆడుకున్నాడో అడగమనండి. ఊరికి ఎప్పుడు వస్తారో కచ్చితంగా తెలిస్తేనే ఆ రోజు చెప్పాలి. ఊరికే ఆశపెట్టి రాకపోతే తరువాత వాడు ఏ మాటా నమ్మడు.