"డిడ్ యూ వెంట్" అంటే మధ్యలో ఆపి సరిదిద్దాల్సిందేనా?

గాజువాక శ్రీను:
మా చెల్లి ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకి వెళ్తోంది. డిగ్రీ అయింది, ఉద్యోగం వెతుక్కుంటోంది. నిన్న క్లాసులో పక్కమ్మాయిని "డిడ్ యూ వెంట్ టు బీచ్" అని అడుగుతుంటే వెంట్ దగ్గరే సారు ఆపేశారట. "గో, గో" అని క్లాసు మొత్తం చేత అనిపించారట. ఇంటికొచ్చి ఏడ్చింది, ఇక వెళ్లనంటోంది. ఎదుటి అమ్మాయికి ప్రశ్న అర్థమైంది కదా? మా ప్లాంటులో సగం మంది ఇలాగే మాట్లాడతారు, పని ఎక్కడా ఆగలేదు. మరి మధ్యలో ఆపడం అవసరమా?

ఎంవీపీ మాస్టారు:
అవసరమే బాబూ. జరిగిపోయిందని చెప్పే పని డిడ్ చేసేసింది. ఇక క్రియ మామూలు రూపంలోనే ఉండాలి. డిడ్ యూ గో, డిడ్ నాట్ కమ్, డిడ్ షీ టేక్. నియమం అర్థం కావడానికి ఒక్క పూట చాలు. దీన్నే వదిలేస్తే ఇంక నేర్పేదేముంది? తప్పు నోటికి అలవాటు పడకముందే ఆపాలి. ఆ సారు చేసింది సబబే.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
మా అమెరికా క్లయింట్లు "డిడ్ యూ ఈట్ యెట్" అంటారు. మన పుస్తకాల్లో "హావ్ యూ ఈటెన్ యెట్" అని ఉంటుంది. వాళ్లకి లేని పట్టింపు మనకెందుకు?

ఎంవీపీ మాస్టారు:
యెట్ ఉన్నచోట డిడ్ వాడటం అమెరికా అలవాటు, బ్రిటన్‌లో ఎక్కువగా హావ్ అంటారు. రెండూ చెల్లుతాయి. కానీ మీ క్లయింటు డిడ్ తర్వాత ఈట్ అన్నాడు, ఏట్ అనలేదు. మీ ఉదాహరణ నా వైపే ఉంది.

సిరిపురం పద్మ:
శ్రీను గారూ, మీ చెల్లాయిది అజాగ్రత్త కాదు. "వచ్చాడు"కి చివర దీర్ఘం ఇచ్చి "వచ్చాడా" అని అడుగుతాం. క్రియ భూతకాలంలో అలాగే ఉంటుంది. ఇంగ్లీషు ప్రశ్నలో భూతకాలం డిడ్‌లోకి వెళ్లిపోతుంది. మన ప్రశ్నలో ఆ పద్ధతి లేదు కాబట్టే వెంట్ అలా ఉండిపోతుంది. కానీ "రాలేదు" చూడండి. అక్కడ "వచ్చా" అన్న రూపం పోయింది, జరగలేదన్న సంగతి "లేదు" చూసుకుంటుంది. డిడ్ నాట్ కమ్ నడకా అదే. అందుకే నా ట్యూషన్ పిల్లలకి ముందు రాలేదు, తినలేదు, చూడలేదు చేయించి, తర్వాతే ప్రశ్నల్లోకి తీసుకెళ్తాను. తొందరగా పట్టుబడుతుంది.

జగదాంబ కిరణ్:
ఈ ముక్క బడిలో ఎవరూ చెప్పలేదండీ.

గాజువాక శ్రీను:
చూశారా మాస్టారూ! తెలుగు నుంచి వచ్చిందయితే అది మన యాస లాంటిదే. ఇంగ్లీషువాళ్లు మాత్రం మార్చుకోలేదా? హెల్ప్‌కి ఒకప్పుడు భూతకాలం హోల్ప్. ఇప్పుడు హెల్ప్ట్ అంటున్నారు. రేపు ఇదీ మారుతుంది.

ఎంవీపీ మాస్టారు:
హోల్ప్ పోవడానికి వందల ఏళ్లు పట్టింది. మీ చెల్లికి ఇంటర్వ్యూ అంతవరకూ ఆగదు. పైగా సాధారణంగా వాడకం తగ్గిన క్రియలే హెల్ప్ట్‌లా చివర ఈడీ (-ed) తగిలించుకునే దారిలోకి వస్తాయి. గో, కమ్, సీ, టేక్, గెట్, సే రోజూ నోట్లో నానుతాయి కాబట్టే పాత రూపాలు వదలలేదు. ఉద్యోగంలో పొద్దస్తమానం కావలసినవీ అవే.

రుషికొండ నైట్‌షిఫ్ట్:
డిడ్‌తో కంటే హ్యాడ్‌తోనే మాకు టెన్షన్. టీమ్‌లో కొత్త కుర్రాడు సమస్య నమోదు చేసే టికెట్‌లో "ది సర్వర్ హ్యాడ్ ఫెయిల్డ్ ఎట్ 2" అని రాశాడు. దాని తర్వాత ఇంకేదో జరిగిందనుకుని, ఆ రెండోది ఏమిటో చెప్పమని క్లయింటు అర్ధరాత్రి మా అందరిచేతా లాగ్‌లు వెతికించాడు. ఫెయిల్డ్ అని ఊరుకుంటే సరిపోయేది.

ఎంవీపీ మాస్టారు:
హ్యాడ్ ఉన్నది రెండు సంగతుల్లో ముందు జరిగినదానికి. నేను కాంప్లెక్స్ చేరేసరికి బస్సు వెళ్లిపోయింది, ఆ బస్సుకి హ్యాడ్ లెఫ్ట్. ఉత్తినే నిన్న సింహాచలం వెళ్లానని చెప్పడానికి హ్యాడ్ గాన్ దేనికి? గొప్పగా వినిపిస్తుందని తగిలిస్తారు. "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే" కూడా అంతే. యెస్టర్డే అన్నాక సా అనాలి. ఇక వాకెడ్ అని పలికేవాళ్లు ఎందరో. అది వాక్ట్. ప్లే అయితే ప్లేడ్. టీ, డీ శబ్దాలతో ముగిసే వాంట్, నీడ్ లాంటివాటికే ఎడ్ విడిగా పలుకుతుంది.

గాజువాక శ్రీను:
నేను అడిగిందేమిటి, మీరు చెప్పేదేమిటి? నేను గవర్నమెంటు బడిలో తెలుగు మీడియం. డిప్లొమా అయ్యాక ఒక కంపెనీ ఇంటర్వ్యూలో "ఐ డిడ్ కంప్లీటెడ్ మై ప్రాజెక్ట్" అన్నాను. బల్లకి అవతలున్న ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత వెల్డింగ్ గురించి అడిగారు. ప్రతి ప్రశ్నకీ జవాబు తెలుసు. నోరు పెగల్లేదు. చెల్లి ఏడుస్తుంటే నాకు ఆ గదే గుర్తొచ్చింది.

ఎంవీపీ మాస్టారు:
ముందే ఎవరైనా ఆపి చెప్పి ఉంటే ఆ గదిలో మీ నోట ఆ మాట వచ్చేది కాదు కదా?

గాజువాక శ్రీను:
మీకు ఆ నవ్వు ఎలా ఉంటుందో తెలీదు మాస్టారూ. కాన్వెంటు చదువులవాళ్లకి తెలీదు.

ఎంవీపీ మాస్టారు:
నన్ను కాన్వెంటు వాళ్లలో కలపకండి. భీమిలి వైపు జాలరి పిల్లల బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి. డబ్బున్న ఇంటి పిల్లాడికి మూడో ఏటి నుంచే వెంట్, కేమ్, సా చెవిన పడుతుంటాయి. మా పిల్లలకి ఉన్నది ఒక్క పీరియడ్. అందులో నేనూ మొహమాటపడి ఊరుకుంటే వాళ్లకి చెప్పేదెవరు? బయటివాళ్లు చెప్పరు, నవ్వుతారు. అర్థమైంది చాల్లే అన్నమాట మన పిల్లల దగ్గరే అంటాం. ఉన్నవాళ్లు తమ పిల్లల దగ్గర అనరు. అది నాకు కడుపు మండే విషయం.

గాజువాక శ్రీను:
చెప్పొద్దని ఎవరన్నారండీ? మాట నోట్లో ఉండగా, నలుగురి ముందు ఆపొద్దంటున్నాను. ఇంత బడుగు పిల్లల కోసం బాధపడే మీరు, ఆ పిల్ల సిగ్గుతో నోరు మూసుకుంటే ఏం నేర్చుకుంటుందో చెప్పండి.

సిరిపురం పద్మ:
ఇంగ్లీషు ఇళ్లల్లో పిల్లలూ గోకి ఈడీ తగిలించి గోడ్ (goed) అంటారు. అంతకుముందు వెంట్ అన్నవాళ్లే, ఈడీ నియమం పట్టుబడ్డాక అలా అంటారు. 1958లో జీన్ బెర్కో అనే పరిశోధకురాలు రిక్ అని లేని క్రియ కల్పించి, నిన్న అతను ఏం చేశాడని అడిగితే చాలామంది పిల్లలు రిక్ట్ అన్నారు. ఎక్కడా విననిదాన్ని సొంతంగా కట్టుకున్నారు. గోడ్ అన్నప్పుడు తల్లి ఆపదు, "ఓ, యూ వెంట్?" అని సరైన మాటతో కబురు ముందుకి సాగిస్తుంది. క్లాసులో సారూ "డిడ్ యూ గో? చెప్పమ్మా" అని పక్కమ్మాయి వైపు తిరిగి ఉంటే సరిపోయేది.

ఎంవీపీ మాస్టారు:
ఆ తల్లి రోజంతా ఎదురుగా ఉంటుందమ్మా. గంట క్లాసులో మెల్లగా తిరిగి అంటే, సరిదిద్దారని కూడా పిల్లలకి తెలీదు. బాగానే మాట్లాడాననుకుని వెళ్లిపోతారు.

గాజువాక శ్రీను:
చెల్లినే అడిగాను. తప్పు చెప్పినందుకు బాధ లేదంట. వాక్యం పూర్తవనివ్వాలంట, క్లాసు చేత అనిపించొద్దంట. అలాగైతే వెళ్తానంది. సారుతో నేను మాట్లాడతాను.

ఎంవీపీ మాస్టారు:
క్లాసు చేత అనిపించడం నేనూ ఒప్పుకోను, ఆ ముక్క సారుకి గట్టిగా చెప్పండి. కానీ వాక్యం అయ్యాక చెబితే ఏ మాట గురించో అమ్మాయికి తెలిసేలోపు నోరు ఇంకో వాక్యంలోకి వెళ్లిపోతుంది. ఆపితే వెంట్ దగ్గరే ఆపాలి, నెమ్మదిగా ఆపాలి.

గాజువాక శ్రీను:
పూర్తయ్యాకే మాస్టారూ. దీంట్లో నేను తగ్గను.